ముప్పై ఒకటో గడి

మా నాయన నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు తెరవకుండా ఉండిపోయింది. 1996లో ఆయన పోయాక హిందూపురం ఇల్లు ఖాళీ చేసి అమ్మను యలహంకకు తెచ్చుకున్నప్పుడు, ఆమె ట్రంకుపెట్టెలో చీరల అడుగున అదీ వచ్చింది. అట్ట మీద ఆయన గుండ్రటి చేతిరాత చూసి మళ్ళీ చీరల కిందే పెట్టేశాను. అందులో ఏముందో నాకు తెలుసు. తెలుసనే అనుకున్నాను. తెరవకపోవడానికి కారణం కూడా అదే.

2024 అక్టోబరు చివరి వారంలో ఒక సాయంత్రం మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. ఎనిమిదో తరగతి. "తాతా, ఇల్లి నోడు... అదే, ఇక్కడ చూడు. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రైమ్ నంబర్ దొరికిందంట. ఫార్టీవన్ మిలియన్ డిజిట్స్!" అంది. బెంగుళూరులో పుట్టి పెరిగిన పిల్లల మాట ఇట్లాగే ఉంటుంది. బళ్ళో కన్నడం, వీధిలో అన్నీ, ఇంట్లో తెలుగు, అంకెలు మాత్రం ఎక్కడైనా ఇంగ్లీషే. "నలభై ఒక్క మిలియనంటే ఎంతమ్మా మన లెక్కలో?" అన్నాను. కాసేపు వేళ్ళు మడిచి, "నాలుగు కోట్లా?" అంది అనుమానంగా. నాలుగు కోట్ల పది లక్షల ఇరవై నాలుగు వేల మూడు వందల ఇరవై అంకెలున్న సంఖ్య. సంఖ్య విలువ కాదు సుమా, అంకెల లెక్కే అంత.

ఆ సంఖ్యను పూర్తిగా రాయక్కర్లేకుండా చిన్నగా రాయొచ్చు. రెండును రెండుతో గుణించుకుంటూ పోయి 13,62,79,841వ ఘాతం దగ్గర ఆగి, ఒకటి తీసెయ్యాలి. అంతే. దాన్ని అచ్చు వెయ్యాలంటే, పేజీకి రెండున్నర వేల అంకెల చొప్పున పదహారు వేల నాలుగు వందల పేజీలు దాటతాయి. అరవై నాలుగు పేజీల మాసపత్రిక ఒకటి, కథా కవితా ఏదీ లేకుండా కేవలం ఆ అంకెలే వేస్తూ పోతే, ఇరవై ఒక్క సంవత్సరాల పైచిలుకు పడుతుంది. చందాదారులు నిలుస్తారో లేదో నేను చెప్పలేను.

కానీ నా మనసు ఆ నాలుగు కోట్ల అంకెల మీద లేదు. పది అంకెల సంఖ్య ఒకటి మీద ఉంది. ట్రంకుపెట్టె మీద ఉంది.

మా నాయన హిందూపురానికి దగ్గర ఒక పల్లెలో హైస్కూలు లెక్కల మాస్టారు. నా చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక లాంతరు వెలుగులో నాకూ ఆయనకూ లెక్కల కాలక్షేపం జరిగేది. కథలు చెప్పమంటే ఆయనకు వచ్చిన కథ ఒకటే. చదరంగం కనిపెట్టినవాడు రాజును వరం అడిగిన కథ. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇట్లా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపమన్నాడు. రాజు ఇంతేనా అన్నాడు, ధాన్యాగారం ఊడ్చినా చాలలేదు. కథ మీ అందరికీ తెలిసిందే. నాయన మాత్రం రాజు దగ్గర ఆగేవారు కాదు, గింజల మొత్తం చెప్పించేవారు. 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ ఇరవై అంకెలనూ మన పావులూరి మల్లన పద్యంలో పెట్టాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, శరాలంటే అయిదు, ఆకాశమంటే సున్నా. మాటకో అంకె చొప్పున, కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే గింజల లెక్క తేలుతుంది. మల్లన కాలం గురించి, ఆ పేరుతో ఉన్న తాతా మనవల్లో ఎవరు గ్రంథకర్త అన్నదాన్ని గురించి పండితులు వాదించుకున్నారు. ఆ జోలి నాకెందుకు గానీ, ఒక్కటి చెప్పాలి. ఆయన తెలుగు చేసిన గణితసార సంగ్రహం మూలకర్త మహావీరాచార్యుడు రాష్ట్రకూట అమోఘవర్ష నృపతుంగుని కాలం వాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటం ఇప్పుడు కలబురగి జిల్లాలో మళఖేడ్ అనే ఊరు. అంటే తొమ్మిదో శతాబ్దంలో కన్నడ రాజు నీడన సంస్కృతంలో పుట్టిన లెక్కల పుస్తకం, తర్వాత తెలుగు పద్యాల్లోకి నడిచి వచ్చింది. మనం రైలెక్కి గౌరిబిదనూరు మీదుగా ఇటు వచ్చాం, లెక్కలు అటు పోయాయి.

"ఆ సంఖ్య ప్రధాన సంఖ్యేనా?" అని అడిగేవారు నాయన. చివర అయిదు ఉంది కదా, అయిదుతో పోతుంది అనేవాణ్ణి. "అదే కాదురా, మూడుతోనూ పోతుంది, పదిహేడుతోనూ పోతుంది. మరి ఏ గడి కాడ ఆపితే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో చెప్పు చూస్తాం." ఇక ఆ రాత్రికి నిద్ర లేనట్టే.

రెండు గళ్ళ దగ్గర ఆపితే మొత్తం 3. మూడు గళ్ళకు 7. అయిదు గళ్ళకు 31. ఏడు గళ్ళకు 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. గడి నంబరు ప్రధాన సంఖ్య కాకపోతే మొత్తం కూడా కాదని తొందరగానే పట్టుకోవచ్చు. ప్రధాన సంఖ్యయితే చాలునా మరి? చాలదు. పదకొండో గడి దగ్గర మొత్తం 2047, అది 23ను 89తో గుణించిన లబ్ధం. ఆ 2047 దగ్గర నేను మూడు రోజులు పడి కొట్టుకున్నాను. అరవై నాలుగు గళ్ళలో ప్రధాన సంఖ్యల నంబర్లు పద్దెనిమిది ఉంటే, వాటిలో సరిగ్గా సగం, తొమ్మిది గళ్ళే, ఈ పరీక్షకు నిలుస్తాయి. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. మల్లన మూడు గళ్ళు ముందే ఆగి ఉంటే ఆయన పద్యంలో ఒక మహా ప్రధాన సంఖ్య కూర్చుని ఉండేది.

ఇట్లాంటి సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలని పేరు. ఆయన పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి. 1644లో ఏయే ఘాతాలు పనికొస్తాయో ఒక పట్టిక ఇచ్చాడు. అందులో తప్పులున్నాయి. 61ని వదిలేశాడు, 67ను చేర్చాడు. 1903లో కోల్ అనే అమెరికా ఆచార్యుడు న్యూయార్కు గణితసభలో లేచి, ఒక్క మాట మాట్లాడకుండా నల్లబల్ల మీద 67వ ఘాతంలోంచి ఒకటి తీసేసి, పక్కన 193707721ని 761838257287తో గుణించి చూపాడట. రెండూ ఒకటే అయ్యాయి. సభ లేచి చప్పట్లు కొట్టిందని చెప్తారు. మెర్సెన్ అప్పటికి పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఎవరికీ నొప్పి తగల్లేదు. నా కథలో నల్లబల్ల ఉంది, గుణకారం ఉంది, నవ్వులున్నాయి. తప్పు చేసిన మనిషి మాత్రం అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

1969లో సంగతి. నాకు పదమూడేళ్ళు. నాయన అప్పుడప్పుడు బెంగుళూరు వచ్చి అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగళ్ళన్నీ తిరిగి వచ్చేవారు. అట్లా ఒకసారి అట్ట ఊడిన ఇంగ్లీషు గణిత పుస్తకం ఒకటి తెచ్చారు. ముప్పై ఒకటో గడి దగ్గర మొత్తం, అంటే 2147483647, ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలరు తేల్చాడని అందులో ఉంది. అప్పటికి ఆయిలరుకు చూపు దాదాపు పోయింది. దాదాపు వందేళ్ళ పాటు లోకానికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అదే పెద్దది. "కండ్లు లేనాయప్ప చేసినాడు, కండ్లుండి మనం చెయ్యలేమా?" అన్నారు నాయన. అదీ మొదలు.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చూడాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఈ సంఖ్యకు వర్గమూలం 46,340 చిల్లర. అంతలోపు ప్రధాన సంఖ్యలు దాదాపు నాలుగు వేల ఎనిమిది వందలు. బతుకంతా అదే పని. కానీ ఆయిలరు చూపిన అడ్డదారి ఒకటుంది. ఈ సంఖ్యను భాగించగలిగేది ఏదైనా ఉంటే, అది 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ వచ్చేదే అయ్యుండాలి. మిగిలినవేవీ దీని జోలికి రాలేవు. ఆ లెక్కన 372 భాజకాలు చాలు. నాయన ఆ 372నూ నోటుపుస్తకం మొదట్లో వరసగా రాసుకుని, 3తో పోయేవీ 5తో పోయేవీ కొట్టేశారు. 198 మిగిలాయి. 7, 13 జోలికి పోలేదు. "జల్లెడ పట్టే పొద్దుకు భాగించేది మేలు" అన్నారు.

రాత్రికి రెండు, సెలవు రోజు నాలుగు. నల్ల సిరాతో భాగహారం, ఎర్ర సిరాతో శేషం. మొదటిది 311. శేషం 35. నాకింకా గుర్తు, ఎందుకంటే అది నాచేత చేయించారు. ఏ శేషమైనా ఫరవాలేదు, సున్నా మాత్రం రాకూడదు. ఒక్క సున్నా వచ్చినా ఆయిలరు తప్పినట్టు.

నూరు దాటాక ఒక ఆదివారం రాత్రి సున్నా వచ్చింది.

ఆ భాజకం ఏదో ఇక్కడ రాయను. ఆయన కొట్టేసిన అంకెను నేను అచ్చులో పెట్టలేను. ఆ రాత్రి మాత్రం ఆయన అమ్మను లేపారు, నన్ను లేపారు. పాపం అమ్మకేం తెలుసు, కాఫీ పెట్టింది. ఆయన మామూలుగా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రాత్రి ఇంట్లో అటూ ఇటూ నడుస్తూ, తప్పు ఎవురికైనా వస్తుంది, ఎంతటోనికైనా వస్తుంది, అని తనలో తను అనుకోవడం నాకు వినపడుతూనే ఉంది. ఆయిలరు గురించే అనుకుంటున్నారు.

సోమవారం స్కూల్లో స్టాఫురూములో ఆ సంగతి చెప్పేశారు. హెడ్మాస్టరు టీ తెప్పించారు. ఎవరో పేపరుకు రాద్దామన్నారు. నన్ను క్లాసులోంచి పిలిపించి, "భాగఫలాన్ని భాజకంతో గుణించి అందరికీ చూపురా" అన్నారు నాయన. భాగహారం సరి చూసుకోవాలంటే తిప్పి గుణించమని ఆయన నేర్పిందే. ముందు రాత్రి సంతోషంలో ఆయన ఆ పని చెయ్యలేదు. లేదా నాచేత అందరి ముందూ చేయించాలని దాచుకున్నారు. ఇప్పటికీ నాకు తెలియదు.

నేను సుద్దముక్క తీసుకుని రెండు సంఖ్యలూ బల్ల మీద రాశాను. గుణకారం మొదలుపెట్టక ముందే కనిపించింది. రెండిటి చివరి అంకెలూ గుణిస్తే 7తో ముగియాలి. ముగియదు. ఏ ఎక్కం ప్రకారమూ ముగియదు. "ఏడు రాదు సార్!" అని అరిచాను. స్కూల్లో ఆయన నాకు సారే కదా. అరవడమే కాదు, నవ్వాను. పదమూడేళ్ళ వాడికి పెద్దవాళ్ళ తప్పు దొరికితే వచ్చే నవ్వు అది. నా నవ్వు చూసి గదంతా నవ్వింది. చెడ్డగా ఏం నవ్వలేదు ఎవరూ. హెడ్మాస్టరయితే భుజం తట్టి, "కొడుకు తండ్రిని మించినాడయ్యా, ఇంకేం గావాల" అన్నారు. నాయన కూడా నవ్వారు. నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు.

రోజూ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చే మనిషి ఆ రోజు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. నేను వెనకాల నడిచాను. మూడు మైళ్ళు. ఏం మాట్లాడుకోలేదు. ఆ రాత్రి నుంచి లాంతరు దగ్గర నాకు లెక్కలు ఇవ్వలేదు. నోటుపుస్తకం నా కంట పడలేదు. నేనే ఆయన చేత మానిపించాననుకున్నాను. చెవిలో చెప్పి ఉండొచ్చు కదా, ఇంటికొచ్చాక చెప్పి ఉండొచ్చు కదా అనే ఆలోచన నాకు ముప్పై ఏళ్ళు దాటాక గానీ రాలేదు.

డిప్లొమా చేసి 1978లో బెంగుళూరు వచ్చి ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో చేరాను. పదేళ్ళకు మా సెక్షనుకు కంప్యూటర్లు వచ్చాయి. మాకు ప్రోగ్రాములు నేర్పుతున్న కుర్రాడు ఒక రోజు, ఈ మెషీను పట్టగలిగిన పెద్ద పూర్ణాంకం ఇదీ అని బోర్డు మీద రాశాడు. 2147483647. నాకు ఒళ్ళు జల్లుమంది. కారణం చిన్నదే. యంత్రం లోపల ముప్పై రెండు గళ్ళుంటాయి. ఒక గడి కూడికా తీసివేతా గుర్తుకు పోతే మిగిలినవి ముప్పై ఒకటి. అన్నిట్లో ఒకటి వేస్తే ఈ సంఖ్య. రెండు ఘాతాల్లోంచి ఒకటి తీసేసిన సంఖ్యలన్నీ అట్లా వరసగా ఒకట్లే. చదరంగం పలకే అది, ముప్పై ఒకటో గడి దగ్గర ఆగింది. అది ప్రధాన సంఖ్య కావడం మాత్రం యంత్రం చేసినవాళ్ళ గొప్ప కాదు, కాకతాళీయం. ఇప్పటి యంత్రాల్లో అరవై నాలుగు గళ్ళు, గుర్తుకు ఒకటి పోగా అరవై మూడు. ఆ మొత్తం 7తో నిక్షేపంగా భాగం పోతుంది. కొత్త మెషీన్లకు ఆ యోగం లేదు.

ఆ సాయంత్రం ఇన్‌లాండు కవరు కొని, నాయనా నీ సంఖ్య మా ఫ్యాక్టరీలో కనిపించింది అని మొదలుపెట్టాను. నీ సంఖ్య అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట రాస్తే తర్వాత మాట కూడా రాయాలి. ఉత్తరం చించేసి, పిల్లవాడికి జ్వరం తగ్గింది, మీరు మాత్రలు వేసుకుంటున్నారా అని వేరే ఉత్తరం రాశాను. ఆయన జవాబు రాశారు. ఈ ఏడు చెనక్కాయ బాగుందని రాశారు.

ఆ పిల్లవాడే ఇప్పుడు సాఫ్ట్‌వేరులో ఉన్నాడు. వాడికీ ఈ సంఖ్యతో పని పడింది. పాత పద్ధతి యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయట. ఆ లెక్క 2147483647 దాటితే గళ్ళు నిండిపోయి తిరగబడుతుంది. అది 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిముషాల 7 సెకన్లకు. ఎక్కడెక్కడ పాత ప్రోగ్రాములున్నాయో వెతికి మార్చడం వాళ్ళ పనుల్లో ఒకటి. "మా తాత ఈ నంబరు మీద ఏదో చేసేవాడంట కదా నాన్నా" అని ఒకసారి అడిగాడు. ఏదో చేసేవాడులే అన్నాను.

ఈ ఊళ్ళో ప్రధాన సంఖ్యల మనుషులకు కొదవ లేదు. మండ్యలో పుట్టి సెంట్రల్ కాలేజీలో చదివిన కె. రామచంద్ర జీవితమంతా సంఖ్యాశాస్త్రానికే పెట్టి, చివరి ఏళ్ళు ఇక్కడ టాటా ఇన్‌స్టిట్యూటు ఆవరణలోని సంస్థలో గడిపి 2011లో పోయారు. రామానుజన్ పేరా హార్డీ పేరా కలిపి ఆయన, ఆర్. బాలసుబ్రమణియన్ కలిసి 1978లో మొదలుపెట్టిన పత్రిక ఉంది. నేను బస్సులో ఆ గోడ పక్క నుంచే ఏళ్ళ తరబడి వెళ్ళాను, ఒక్కసారి దిగలేదు. ఏ సంఖ్యనిచ్చినా అది ప్రధాన సంఖ్యో కాదో నికరంగా, చెప్పుకోదగ్గ త్వరలో తేల్చే మార్గం ఉందని 2002లో లోకానికి చూపింది మన కాన్పూరు ఐ.ఐ.టి.లో ముగ్గురు, మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. వారిలో కయాల్ తర్వాత బెంగుళూరు వచ్చి ఇక్కడే పరిశోధన సాగించారు.

మళ్ళీ మా మనవరాలి దగ్గరికి. "ఇంత పెద్ద నంబరుతో యూజ్ ఏం తాతా?" అంది. నిజానికి నాలుగు కోట్ల అంకెల దానితో చెప్పుకోదగ్గ ఉపయోగం లేదు. బ్యాంకు తాళాలకు కావలసింది కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు. రెండిటిని గుణించడం తేలిక, గుణించినదాన్ని విడదీయడం మహా కష్టం, ఆ కష్టమే తాళం. ఈ పెద్దవాటిని వెతికేది కొండ ఎక్కినట్టు. లూక్ డ్యురాంట్ అనే ఆయన పదిహేడు దేశాల్లో యంత్రాలు అద్దెకు తీసుకుని సొంత డబ్బు పోసి వెతికించాడు. దీనికి వచ్చే బహుమతి మూడు వేల డాలర్లు, దాన్నీ ఒక బడికి ఇచ్చేశాడు. అక్టోబరు 11న ఐర్లండు డబ్లిన్‌లోని యంత్రం, ఇది ప్రధాన సంఖ్య కావచ్చు అంది. మరునాడు టెక్సాస్‌లో ఇంకో యంత్రం అవునని తేల్చింది. వేరే వేరే యంత్రాల మీద వేరే వేరే ప్రోగ్రాములతో సరిచూసుకున్నాక, 21న గానీ బయటికి చెప్పలేదు. ఆ పది రోజుల మౌనం గురించి చదివినప్పుడు మా స్కూలు స్టాఫురూము గుర్తొచ్చింది.

"సరే, ఆ నాలుగు కోట్ల అంకెల్లో ఆఖరిది ఏదో చెప్పు" అన్నాను. ఎట్లా వస్తుంది అంది. రెండును గుణించుకుంటూ పో, చివరి అంకె మాత్రమే చూడు అన్నాను. 2, 4, 8, 6. మళ్ళీ 2, 4, 8, 6. నాలుగింటికోసారి తిరిగి వస్తాయి. ఘాతాన్ని నాలుగుతో భాగిస్తే శేషం ఎంతో చాలు. చివర 41 ఉంది కాబట్టి శేషం 1. అంటే 2తో ముగుస్తుంది, ఒకటి తీసేస్తే 1. పది నిముషాల్లో తనే కనుక్కుంది. "ఒకటి!" అని అరిచింది. తర్వాత ముప్పై ఒకటో ఘాతానికి చూసింది. శేషం 3, చివర 8, ఒకటి తీస్తే 7. "ఏడు రావాలి తాతా" అంది.

నేను లేచి వెళ్ళి ట్రంకుపెట్టె లాగాను.

పుస్తకం అట్ట పెళుసెక్కింది. లోపల సిరా మాత్రం బాగానే ఉంది. 311 పేజీలో ఎనిమిదో తరగతి కుర్రాడి వంకర అంకెలు, పక్కన ఆయన పెట్టిన ఎర్ర టిక్కు. పేజీలు తిప్పుతూ పోయాను. ఆ పేజీ వచ్చింది. భాగహారం మొత్తం మీద ఒక అడ్డగీత. మార్జినులో ఎర్ర సిరాతో, పిల్లల పుస్తకాల్లో రాసేటట్టే, "తప్పు. మరల చేయుము" అని రాసి, కింద తేదీ వేశారు. అదే సోమవారం. దాని కిందే మళ్ళీ చేసిన భాగహారం, సరైన శేషం. ఆ తర్వాతి పేజీ మంగళవారం. ఆ తర్వాతిది బుధవారం. ఒక్క రోజు కూడా మానలేదు. నేను పక్క గదిలో నిద్రపోయాననుకుని చేసి ఉంటారు. 198వది 1970 సంక్రాంతి ముందు పూర్తయింది. ఎక్కడా సున్నా లేదు. చివర సంతకం లేదు, మాటా లేదు. తర్వాతి పేజీలో పాలవాడి లెక్క మొదలైంది.

అమ్మకు తెలుసేమో. ఆమె కూడా లేదిప్పుడు అడగడానికి.

ఆయనకు తెలియని దారి ఒకటుంది. లూకాస్, లెహ్మర్ అనే ఇద్దరు చూపింది. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసెయ్యాలి, మన సంఖ్యతో భాగించి శేషం పట్టుకోవాలి, ఆ శేషాన్ని మళ్ళీ వర్గం చెయ్యాలి. అయిదు గళ్ళ 31కి చూడండి. 4కు వర్గం 16, రెండు తీస్తే 14. 14కు వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. 8కి వర్గం 64, రెండు తీస్తే 62, శేషం సున్నా. గడి నంబరు కంటే రెండు తక్కువ సార్లు చేశాక ఇట్లా సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. ముప్పై ఒకటో గడికి ఇరవై తొమ్మిది సార్లు చాలు, నూట తొంభై ఎనిమిది అక్కర్లేదు. ఇందులో రావలసింది సున్నాయే. ఆయన బతికి ఉండగా ఈ పద్ధతి నాకు తెలిసి ఉంటే చెప్పేవాణ్ణో లేదో మరి. ఆ ఇన్‌లాండు కవరు లాగే చించేసి ఉండేవాణ్ణేమో.

మా మనవరాలికి తెలుగు అక్షరాలు సరిగా రావు. కన్నడం వచ్చు కాబట్టి తలకట్ల దగ్గర తడబడుతూ కూడబలుక్కుని చదువుతుంది. "తప్పు, మ-ర-ల చే-యు-ము" అని చదివి, "అంటే హోమ్‌వర్కా?" అంది. అవునన్నాను. ఆ సంఖ్యను మన లెక్కలో చెప్పడం నేర్పాను. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. డెబ్బైకీ తొంభైకీ తేడా రెండు వారాలు పట్టింది.

ఇద్దరం కలిసి ఆయన భాగహారాలు తిప్పి గుణించి, శేషం కూడి సరిచూస్తున్నాం. క్యాలికులేటరు లేదు, తనకదే సరదా. ఇంతవరకు నలభై ఒకటి అయ్యాయి, అన్నీ సరిపోయాయి. మధ్యలో తనకు పరీక్షలొచ్చాయి, నాకు కంటి ఆపరేషనయింది. ఇంకా నూట యాభై ఏడు ఉన్నాయి. ఆ కొట్టేసిన పేజీ వంతు ఇంకా రాలేదు.